కట్టమీది కవులు: ఒక విగ్రహసంకలన విమర్శ

సంకలనమును కూర్చినవాడు పీఠిక వ్రాయకపోయినను విమర్శకుడే. ఎవరిని గ్రహించెను, ఎవరిని విడిచెను, ఎవరి సరసన ఎవరిని నిలిపెను అను మూడు విషయములే అతని పీఠిక. ఈ మాట పద్యసంకలనములకు ఎంత చెల్లునో విగ్రహముల వరుసకును అంత చెల్లును. హైదరాబాదున హుస్సేన్‌సాగరపు కట్టమీద 1986లో నిలిపిన ముప్పదిమూడు కంచువిగ్రహముల శ్రేణిని సంకలనముగా భావించి, సంకలనమునకు వర్తించు ప్రమాణములతోనే పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఇది శిల్పవిమర్శకుల పని గదా, తెలుగు శాఖవారికి దీనితో నేమి పని యని శంకింపవచ్చును. ఆ శ్రేణిలో నన్నయ, తిక్కన, ఎఱ్ఱాప్రగడ, పోతన, మొల్ల, వేమన కలరు. అన్నమాచార్యుడు, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్య, సిద్ధేంద్రయోగి, పోతులూరి వీరబ్రహ్మము కలరు. కందుకూరి వీరేశలింగము, గురజాడ అప్పారావు, త్రిపురనేని రామస్వామి, జాషువ, శ్రీశ్రీ కలరు. విమర్శకులలో కట్టమంచి రామలింగారెడ్డి, పత్రికాసంపాదకులలో ముట్నూరి కృష్ణారావు, ఉర్దూ కవులలో మఖ్దూం మొహియుద్దీన్ కలరు. తక్కినవారు పాలకులు, దేశభక్తులు, ఇంజనీరు, నటుడు, తత్త్వవేత్త. సగమునకు మించి సాహిత్యవ్యక్తులే. పాఠ్యపుస్తకము ముట్టని లక్షలాది జనులు తెలుగు సాహిత్యచరిత్రను చూచునది ఈ కట్టమీదనే. ఇంతమంది చదువరులున్న సాహిత్యచరిత్ర మఱియొకటి మనకు లేదు. అట్టి గ్రంథమును విమర్శింపకుండుట మన శాఖల లోపమే.

ఈ విచారమునకు గద్వాల సీమనుండి పూనుకొనుటకు కారణమున్నది. ఆ ముప్పదిమూడుగురిలో ఒకరు మా సీమవారు. సురవరము ప్రతాపరెడ్డిగారు (1896–1953) తుంగభద్రాతీరపు పల్లెలలో, నేటి జోగులాంబ గద్వాల జిల్లా భూమిపై, పుట్టి పెరిగినవారు. గోలకొండ పత్రికను 1926లో స్థాపించినవారు, 1934లో గోలకొండ కవుల సంచికను కూర్చినవారు, 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించినవారు. కేంద్ర సాహిత్య అకాడమి తెలుగునకిచ్చిన తొలి పురస్కారము, వారి మరణానంతరము 1955లో, ఈ చరిత్రకే లభించినది. అనగా ఈ విగ్రహసంకలనమునందు ఒక మహాసంకలనకర్తయే వస్తువై నిలిచియున్నాడు. ఆయన విగ్రహమున్న శ్రేణిని ఆయన గ్రంథముతో తూచుటకంటె న్యాయమైన కొలత వేఱొకటి కనబడదు.

ముందు ఎన్నికను చూతము.

కవుల సంచిక పుట్టుకకొక ప్రశ్న కలదు. తెలంగాణమున కవులు లేరన్న మాట యొకటి వినవచ్చినది. ప్రతాపరెడ్డిగారు దానికి కోపముతో వ్యాసము వ్రాసి ఊరకుండలేదు. పత్రికాముఖమున పిలుపునిచ్చి, రచనలను రప్పించి, 354 మంది కవులను ఒక్క సంపుటమున నిలిపిరి. ప్రశ్న స్పష్టము, హద్దు స్పష్టము, సమాధానము లెక్కింపదగినది. ఆ 354 మందియు మహాకవులని వారు చెప్పలేదు. ఉన్నారని చెప్పిరి. గుణనిర్ణయమునకు ముందు అస్తిత్వనిర్ణయము జరుగవలెనన్న శాస్త్రదృష్టి అది.

కట్టమీది శ్రేణికిని ఒక ప్రశ్న లేకపోలేదు. 1983లో రాష్ట్రమున అధికారమునకు వచ్చిన ప్రభుత్వము తెలుగువారి ఆత్మగౌరవమను నినాదముతో వచ్చినది. దేశమున తెలుగువారెవరు అని బయటివాడు అడిగినచో చూపుటకు ఈ వరుస సమాధానము. ఈ రెండు ప్రశ్నలకును గల భేదమును గుర్తింపవలెను. సంచిక తెలుగువారిలో తెలుగువారే అడిగిన ప్రశ్నకు సమాధానము. శ్రేణి పరుల ప్రశ్నకు సమాధానము. పరులకు చెప్పునపుడు ఇంటిలోని తేడాలు మాటునపడును. శాలివాహనుడు మొదలు శ్రీశ్రీవఱకు అందఱును ఒక్క ఎత్తున, ఒక్క లోహమున, ఒక్క కుటుంబమువలె నిలుతురు. పరుల యెదుట ఇది శోభయే. కాని ఇంటిలోనివాడు తన భాగమెంత యని అడిగిన దినమున ఈ వరుసవద్ద సమాధానము లేదు.

సమాధానము లేకపోవుట ఎన్నికలోనే కనబడును. తెలంగాణ భూమికి చెందినవారని నిస్సంశయముగ చెప్పదగినవారు, రుద్రమదేవి, పోతన, రామదాసు, తానీషా, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్, మఖ్దూం, సురవరము మొదలగువారు, పదిమందికి లోపు. బసవపురాణముతో ద్విపదకు కావ్యగౌరవము కూర్చిన పాల్కురికి సోమనాథుడు ఇందు లేడు. నన్నయ మార్గమునకు దేశిమార్గమును ఎదురు నిలిపిన కవి లేని సాహిత్యచరిత్రను ఏ పరీక్షాధికారియు అంగీకరింపడు. ఆ లోపము ప్రాంతమునకు జరిగిన అన్యాయముగనే మనము చెప్పుకొంటిమి. నిజమునకు అది ముందు ఛందస్సునకు జరిగిన అన్యాయము.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన లోపము పాదములక్రిందనే కలదు. హుస్సేన్‌సాగరము 1562 ప్రాంతమున ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో త్రవ్వబడినది. తెలుగు కవులు మల్కిభరాముడని నోరార పిలిచిన ప్రభువు అతడే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చినది అతనికే. కందుకూరి రుద్రకవికి చింతలపాలెమను అగ్రహారము లభించినది అతనివలననే. అతని కాలమువాడైన అమీన్‌ఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రను అంకితమిచ్చెను. తొలి అచ్చతెలుగు కావ్యమన్న ఖ్యాతి దానిది. తెలుగు కవులను నిలుపుటకు తెలుగు కవిపోషకుని కాలమున కట్టిన కట్టనే ఎన్నుకొని, ఆ పోషకునిగాని ఆ కవులనుగాని నిలుపకపోయిరి. కుతుబ్‌షాహీలలో తానీషాకు మాత్రము చోటు దొరకినది, అదియు రామదాసు కథవలన. కట్ట తన చరిత్రను తానే ఎఱుగనట్లున్నది.

మూడవ లోపము బ్రౌను. చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) వ్రాతప్రతులను సేకరించి, వేమన పద్యములను 1829లో అచ్చువేయించి, నిఘంటువును కూర్చినవాడు. గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటనునకు శ్రేణిలో చోటిచ్చినందున విదేశీయులను విడుచుట నియమము కాదని తేలుచున్నది. నీటిని నిలిపినవాడు ఉండి, పద్యమును నిలిపినవాడు లేకపోవుటకు హేతువు ఊహింపరాదు. వేమన విగ్రహమున్నది. వేమనను మన చేతికందించినవాని విగ్రహము లేదు.

స్త్రీలు ముప్పదిమూడుగురిలో ఇరువురే: రాణి యొకరు, కవయిత్రి యొకరు. దీనికి వ్యాఖ్య అనవసరము.

ఇచట ఒక ఆక్షేపమునకు సమాధానము చెప్పవలెను. ఏ ఎన్నికలోనైనను కొందఱు విడువబడుదురు గదా, ముప్పదిమూడుగురిలో అందఱెట్లు పట్టుదురు? నిజమే. విడుచుట దోషము కాదు. విడుచుటకు సూత్రము చెప్పకుండుట దోషము. సంచికలో లేని కవి తాను ఎందులకు లేడో తెలిసికొనగలడు: అతడు ఆ హద్దులలోనివాడు కాకపోవచ్చును, లేదా అతని రచన అందియుండకపోవచ్చును. కట్టమీద లేని కవికి కారణము దొరకదు. కారణము దొరకనిచోట అనుమానము పుట్టును. అనుమానమునకు సాధారణముగ కులము పేరో ప్రాంతము పేరో వచ్చును.

ఈ చిక్కు మనకే ప్రత్యేకము కాదు. మద్రాసు సముద్రతీరమున 1968లో రెండవ ప్రపంచ తమిళ మహాసభల సందర్భమున నిలిపిన విగ్రహములలో తిరువళ్ళువరు, అవ్వయారు, కంబరు, భారతి మొదలగువారితోపాటు పోపు, కాల్డ్వెల్, బెస్కీ అను పాశ్చాత్య పండితులును, కావ్యపాత్రయైన కణ్ణగియు కలరు. భాషకు సేవచేసిన పరదేశీయునకును, కవి సృష్టించిన స్త్రీకిని చోటిచ్చుటయందు తమిళుల సూత్రము మనదానికంటె విశాలము, సాహిత్యమునకు సన్నిహితము. అయినను 2001లో కణ్ణగి విగ్రహమును తొలగించుటయు, 2006లో మరల నిలుపుటయు జరిగినవి. జర్మనీలో డాన్యూబు నదీతీరమున బవేరియా రాజు 1842లో తెఱపించిన వాల్‌హల్లా మందిరమున జర్మను భాషావ్యక్తుల ప్రతిమలు వరుసతీరి యున్నవి. దానిని ఎగతాళి చేసిన కవి హైనే ప్రతిమ 2010లోగాని అందు చేరలేదు. 1824లో మరణించిన బైరనునకు ఇంగ్లండున వెస్ట్‌మినిస్టరు కవుల మూలలో స్మారకఫలకము 1969లో లభించినది. కావున ప్రతిమాసంకలనములందు చేర్పులు, కూర్పులు, తొలగింపులు సహజములు. పుస్తకమునకు రెండవ కూర్పు ఎట్లో వీనికిని అట్లే. మన శ్రేణిని మాత్రము మొదటి కూర్పే తుదికూర్పని భావించితిమి.

ఇక క్రమము. గద్వాలనుండి అలంపురమునకు పోయి నవబ్రహ్మాలయములను చూచినవారికి శిల్పమునందు క్రమమనగా ఏమో బోధపడును. బాదామి చాళుక్యులనాటి ఆ ఆలయములలో స్వర్గబ్రహ్మాలయము వినయాదిత్యుని కాలమునాటిదని (681–696) శాసనమువలన తెలియుచున్నది. దాని బయటిగోడల గూళ్ళలో దిక్పాలకులు తమ తమ దిక్కులందే నిలిచియున్నారు. చూచువాడు ప్రదక్షిణముగ నడచును. నడక ఒక దిక్కునకే కావున కథయు ఒక దిక్కునకే సాగును. ఈ ప్రతిమ ఎవరిదని ఫలకము చెప్పనక్కఱలేదు. నిలిచిన చోటు, వాహనము, ఆయుధము చెప్పును. ఆరుబయటి శిల్పమునకు మన పూర్వులు కనుగొన్న వ్యాకరణమిది: స్థానమే సగము పేరు.

కట్టమీది బాట ఇరుకొనల బాట. సచివాలయము వైపునుండి వచ్చువాడొక సాహిత్యచరిత్రను చదువును, సికింద్రాబాదు వైపునుండి వచ్చువాడు దానిని తలక్రిందుగ చదువును. వాహనముపై పోవువాడు ఏదియు చదువడు. ఏ స్థానమునకును అర్థము నియతముకాలేదు. ఒక విగ్రహమును తీసి మఱియొకచోట నిలిపినను శ్రేణికి ఏమియు కొఱతపడదు. స్థానము మార్చినను అర్థము చెడని కూర్పు కూర్పనిపించుకొనదు, పట్టిక యనిపించుకొనును. కవిత్రయము వెనుక దేశికవులు, పదకర్తల ప్రక్కన వారి గేయము లాడిన నర్తనాచార్యులు, సంస్కర్తకు ఎదురుగ సంస్కారమును ప్రశ్నించిన కవి అను రీతిగా సంబంధములు పాటించియుండినచో నడచువాడు తెలియకయే విమర్శ నేర్చియుండును.

మూడవది రూపము. ఇందు రెండు విధములైన పని యొక్క విధముగ జరిగినది. వీరేశలింగము, గురజాడ, సురవరము, జాషువ, శ్రీశ్రీ ఛాయాచిత్రముల కాలమువారు. వీరి విగ్రహములందు పోలిక యున్నదా లేదా అని అడుగవచ్చును. నన్నయ, తిక్కన, ఎఱ్ఱన, మొల్ల, వేమన రూపములు వారి కాలమునుండి మనకు రాలేదు. ఇవి కల్పనలు. కల్పన తప్పుకాదు. కాని పోలికయు కల్పనయు ఒకే కంచున, ఒకే ప్రమాణమున, ఒకే నిశ్చయముతో నిలిచినపుడు చూచువాడు రెంటిని భేదింపజాలడు. విద్యార్థి పరీక్షాపత్రమున తిక్కనను స్మరించినపుడు అతని మనస్సున మెదలునది పదమూడవ శతాబ్దమువాడు కాడు, ఇరువదవ శతాబ్దపు శిల్పి తిక్కన.

దీనికి భిన్నమైన సంప్రదాయము మనకు లేకపోలేదు. తిరుమల ఆలయమున కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహప్రతిమలు కలవు. రాయల కాలమునాటివి, పేర్లు చెక్కినవి. పొడవైన కుళ్ళాయితో, మోడ్చిన చేతులతో రాయలు దైవమునకు అభిముఖుడై నిలిచియున్నాడు. ఆ ప్రతిమయందు పోలికతోపాటు సంబంధము కలదు: అతడెవరి యెదుట నిలిచెనో మనకు తెలియును. పీఠమెక్కించి వీథికి అభిముఖముగ నిలిపిన కవికి సంబంధము ఎవరితో? చదువరితోనైనచో ఆ సంబంధమును నిలుపునది ముఖము కాదు, మాట. కవికి శరీరము కావ్యమే. సంచికలో ముఖము చూపక పద్యము చూపిరి. అందుచేతనే ఆ 354 మందిలో మనము పేరు మఱచిన కవి సైతము నేటికిని మాటాడగలడు.

శిల్పమునకు గల మఱియొక పరిమితియు గమనింపదగినది. పోతన ఓరుగల్లు సీమలోని బమ్మెరవాడా, కడప సీమలోని ఒంటిమిట్టవాడా యను వాదమున్నది. పుస్తకము రెండు పక్షముల హేతువులను ఎదురెదురుగ ఉంచగలదు. విగ్రహము వాదమును పట్టజాలదు. అది సిద్ధాంతమునే చెప్పును. కావున సంశయములు తీఱనిచోట విగ్రహము నిలుపువారు విమర్శకులకంటె ఎక్కువ జాగరూకులు కావలెను.

ఈ లోపములన్నిటికిని ఒకనాడు లెక్క తీఱినది. 2011 మార్చి 10న, తెలంగాణ ఉద్యమమున మిలియన్ మార్చి అనబడిన ప్రదర్శన దినమున, కట్టమీది పలు విగ్రహములు కూల్చబడినవి. కొన్ని సాగరమున పడినవి. తరువాత ప్రభుత్వము వానిని మరల చేయించి నిలిపినది. నాడు నేను పరిశోధక విద్యార్థిని. మిత్రులలో కొందఱు అది సాంస్కృతిక నేరమనిరి, కొందఱు అది చరిత్రకు ప్రత్యుత్తరమనిరి. నేనేమియు అనలేదు. ఆ మౌనము పాండిత్యపు నిష్పక్షపాతమని నాడు తలచితిని. నేడు అట్లు తలపజాలను.

ఆ చర్యనుగూర్చి విమర్శకుడు చెప్పవలసినవి రెండు. ఒకటి: అదియు ఒక విధమైన సంకలనవిమర్శయే. ఈ ఎన్నిక మాది కాదు అన్న వాక్యము దానియందున్నది. ఆ వాక్యమునకు ఆధారమున్నదని పైన చూపితిని. రెండు: అది చెడ్డ విమర్శ. కూలినవానిలో జాషువ, శ్రీశ్రీ విగ్రహములుండెను. గబ్బిలమును దూతగా పంపి దేవుని గుడివాకిటిని ప్రశ్నించినవానిని, కూలిపోయినవారి పక్షమున పద్యము వ్రాసినవానిని జన్మస్థలమునుబట్టి తీర్పుచెప్పుట గ్రంథము తెఱవక అట్టనుజూచి గ్రంథమును తగులబెట్టుటవంటిది. నిలిపినవారు సూత్రము చెప్పక నిలిపిరి. కూల్చినవారు చదువక కూల్చిరి. ఈ ఇరువురి నడుమ ఉండవలసినవారము మనము. 1986కును 2011కును నడుమ ఇరువదియైదు సంవత్సరములు గడచినవి. ఆ కాలమున మన తరగతులలో కవిత్రయము పాఠముగ జరిగినది, కట్టమీది కవిత్రయము ప్రశ్నగ జరుగలేదు. కలము చేయవలసిన పనిని సుత్తికి విడిచితిమి. ఈ నింద నాకును చెందును.

ప్రతాపరెడ్డిగారి మార్గము ఇచట మరల స్మరింపదగినది. తమ సీమకు అవమానము జరిగినదని తలచినపుడు వారు ఎదుటివాని గ్రంథమును చింపలేదు, తమ గ్రంథమును చేర్చిరి. సంకలనమునకు సమాధానము మఱియొక సంకలనమే యని వారి ఆచరణము. వారి సాంఘిక చరిత్ర ఇంకొక అడుగు ముందుకుపోయినది. రాజుల యుద్ధములను ప్రక్కకునెట్టి ప్రజల కట్టుబట్టలు, తిండి, ఆటపాటలు, పండుగలు, వృత్తులు కావ్యములనుండి ఏఱి చరిత్ర వ్రాసిరి. ఆ చరిత్రకారుని ప్రతిమను రాజుల, రాణుల, ప్రభువుల నడుమ నిలిపితిమి. నేతగాని, కుమ్మరిని, కూలిని ఎవరిని ఆయన చెంత నిలుపలేదు. ఆయనను గౌరవించితిమి, ఆయన సూత్రమును విడిచితిమి.

గద్వాల నేడు జిల్లాకేంద్రము. 2016 అక్టోబరు 11నుండి ఆ హోదా కలిగినది. విద్వద్గద్వాల యన్న పేరు దానికి సంస్థానకాలమునుండి యున్నది. అధ్యాత్మరామాయణకర్తయైన కాణాదము పెద్దన ఆ సంస్థానాశ్రితుడు. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములను దర్శించి సత్కారములందిరి. ఏనాటికైనను గద్వాల కోటవాకిటినుండి నడివీథి పొడవున ఇట్టి శిల్పశ్రేణిని నిలుపుదమని ఎవరైన తలపెట్టినచో, తలపెట్టుట మంచిదే, కట్ట నేర్పిన పాఠములను ముందుగ నేర్చుకొనవలెను. ఎన్నికకు సూత్రము వ్రాసి ప్రకటింపవలెను. నడకకు దిక్కును, స్థానమునకు అర్థమును ఏర్పఱుపవలెను. రూపము తెలియని కవికి కల్పితముఖము పెట్టుటకంటె అతని పద్యమును రాతిపై చెక్కుట మేలు. నూలుచీరకు పట్టుటంచు కూర్చి ఆ ఊరిపేరును దేశమంతట మోయుచున్న నేతవారికి ఆ శ్రేణిలో చోటుండవలెను. సాంఘిక చరిత్రకారుని సీమకు అదియే ఉచితము. ఒకటి రెండు పీఠములు ఖాళీగ విడిచినను దోషము లేదు. తరువాతి తరమువారికి చేర్పునకు హక్కు కలదని అవి చెప్పును.

పరిశోధక విద్యార్థులకు ఇందు పని కలదు. తెలుగునాట వీథులందు, కూడళ్ళయందు నిలిచిన సాహిత్యవ్యక్తుల విగ్రహములను ఊరూర లెక్కించి, ఎవరు నిలిపిరి, ఎప్పుడు నిలిపిరి, ఫలకముపై ఏమి వ్రాసిరి, ఎవరిని విడిచిరి అని పట్టికలు సిద్ధపఱచినచో తెలుగు సాహిత్యమును ప్రజలెట్లు స్మరించుచున్నారను చరిత్ర యొకటి లభించును. కవుల సంచికయు ఇట్టి లెక్కతోనే ప్రారంభమైనది. ఉన్నవారెవరో ముందు తెలిసినగాని లేనివారెవరో తెలియదు.